సగం ధరకి వచ్చే మొక్క నిజంగా చవకేనా? సీజన్ చివరి నర్సరీ సేల్ మీద చర్చ

పెరటిగుమ్మం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ సగం దాటిందో లేదో మా చుట్టుపక్కల నర్సరీలన్నీ సేల్ బోర్డులు పెట్టేశాయి. నిన్న ఒకదానికి వెళ్లాను. ఏప్రిల్‌లో 40 డాలర్లు చెప్పిన హైడ్రేంజియా ఇప్పుడు 16కే ఇస్తున్నారు. ఆకుల అంచులు మాడి ఉన్నాయి, పువ్వులు ఎండిపోయాయి. చేతిలోకి తీసుకున్నాను, కాసేపు చూసి మళ్లీ అక్కడే పెట్టేసి వచ్చాను.

ఎందుకంటే పోయిన ఏడాది ఇలాగే ఆశపడి 11 మొక్కలు కొన్నాం. దాదాపు 140 డాలర్లు అయింది. మే నెల వచ్చేసరికి నాలుగే చిగురు వేశాయి. "చచ్చిపోయేవే సేల్‌లో పెడతారు, బతికేవాటిని ఎవరు తగ్గించి అమ్ముతారు?" అంటారు మావారు. తప్పు మొక్కలదా, నాదా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ సేల్‌లో కొనొచ్చా? లేక వసంతం దాకా ఆగి పూర్తి ధర పెట్టడమే మంచిదా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

గడ్డపార (ప్రిన్స్‌టన్ దగ్గర)

కొనండి. మా తోటలో మూడొంతులు సెప్టెంబర్, అక్టోబర్ సేళ్లలో తెచ్చినవే.

మీవారి మాట సగమే నిజం. నర్సరీవాళ్లు తగ్గించేది మొక్క చచ్చిపోతోందని కాదు, చలికాలమంతా దాన్ని కాపాడటం ఖర్చు కాబట్టి. నేలలో ఉన్న వేరుకి చుట్టూ మట్టి రక్ష. కుండీలో వేరుకి నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది. అందుకే నేలలో హాయిగా బతికే మొక్క కూడా కుండీలో బయట వదిలేస్తే చావొచ్చు. వాటన్నిటినీ ప్లాస్టిక్ షెడ్లలోకి చేర్చి మార్చి దాకా చూసుకోవడం కంటే సగం ధరకి అమ్మేయడం వాళ్లకి నయం.

మనకి లాభం ఎక్కడంటే, గాలి చల్లబడినా ఈ నెలలో మట్టి ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైన ఆకు పెరగదు, పువ్వు పూయదు కాబట్టి మొక్క బలం వేరు మీద పెడుతుంది. మట్టి 40, 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగేదాకా వేరు ఎదుగుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో నాటిన మొక్క వేరు పట్టీ పట్టకముందే జులై ఎండని తట్టుకోవాలి. ఇప్పుడు నాటినదానికి ఆ ఎండ వచ్చేలోపు చాలా నెలలు చేతిలో ఉంటాయి. మాడిన ఆకు గురించి దిగులు పడకండి, అది ఎలాగూ నెలలో రాలిపోయే ఆకే.

చూడాల్సింది వేరు. నర్సరీలో అడిగి, కుండీని పక్కకి వంచి మెల్లగా మొక్కని బయటికి లాగండి. వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటే సగం భయం పోయినట్టే. నల్లబడి, నొక్కితే మెత్తగా ఊడి వస్తూ, మురుగు వాసన కొడితే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. వేళ్లు కుండీ ఆకారంలో చుట్టలు చుట్టుకుని ఉంటే కొనొచ్చు. కానీ నాటేముందు కత్తితో పక్కల నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, అడుగు విడదీయాలి. చాలామంది మొక్క నొచ్చుకుంటుందని ఈ పని మానేస్తారు. అలా వదిలేస్తే వేళ్లు ఆ చుట్టలోనే తిరుగుతాయి, పక్క మట్టిలోకి పోవు.

పూలసజ్జ (అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా)

గడ్డపార గారూ, మీరు చెప్పినవి మంచి నర్సరీకి సరిపోతాయి. మనలో చాలామంది కొనేది పెద్ద స్టోర్ల పార్కింగ్ స్థలంలో బండ్ల మీద పెట్టినవి. వేసవంతా తారు వేడికి మగ్గి, ఒకరోజు నీళ్లు పోసి రెండు రోజులు మర్చిపోయిన మొక్కలు అవి. కుండీలో మట్టికి బదులు వాడే పీట్ (కుళ్లిన నాచు పొడి) ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ తేలిగ్గా నీళ్లు పీల్చుకోదు. పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, మధ్యలో వేరు ఎండిపోయే ఉంటుంది. అలాంటిదాన్ని మామూలు మనిషి ఎలా కనిపెట్టాలి? పైగా మామూలు ధరకి కొన్నదానికి ఏడాది గ్యారంటీ ఇచ్చే చోట కూడా, తగ్గించి అమ్మినదానికి అది వర్తించకపోవచ్చు. రసీదు వెనక చదవండి.

నాకు డబ్బు కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. సీజన్ అంతా ఒకే చోట పడి ఉన్న కుండీతో పాటు ఏం వస్తుందో తెలియదు. మూడేళ్ల క్రితం సేల్‌లో ఆరు హోస్టాలు తెచ్చి నాటాను. మరుసటి వేసవికి ఆ మడి పైన మట్టి కాఫీ పొడిలా పొడిపొడిగా అయిపోయింది. తవ్వి చూస్తే పాముపిల్లల్లా ఎగిరిపడే వానపాములు. వాటిని ఇక్కడ జంపింగ్ వామ్స్ అంటారు. వానపాము రైతు నేస్తమని చిన్నప్పటి నుంచీ విన్నాం, ఇవి అలాంటివి కావు. పైన వేసిన ఆకుచెత్తంతా తినేసి, నీళ్లు నిలవని, వేరు పట్టని మట్టి మిగులుస్తాయి. పెద్ద పురుగులు చలికి చచ్చినా గుడ్లు బతుకుతాయి. ఇప్పటికీ ఆ మడితో అవస్థ పడుతున్నాను. మిగుల్చుకున్నది 30 డాలర్లు.

ఇక స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే, మొక్కల రసం పీల్చే పురుగు సంగతి. 2014లో మా పక్కనున్న బర్క్స్ కౌంటీలోనే ఈ దేశంలో మొదటిసారి కనబడింది. సెప్టెంబర్ నుంచి అది గుడ్లు పెట్టే కాలం. ఆరిన బురద పూసినట్టు కాండం మీద, కుండీ గోడ మీద కూడా పెడుతుంది. మనం సేల్‌కి పరిగెత్తేది సరిగ్గా అప్పుడే.

ఎర్రమందారం (ఈస్ట్ బ్రన్స్‌విక్)

నాది చిన్న అనుభవం, కానీ మనవాళ్లకి పనికొస్తుంది. పూజకి మందారం కావాలని సేల్‌లో "హైబిస్కస్" అని రాసి ఉన్నది 8 డాలర్లకి తెచ్చి ముంగిట్లో నాటాను. మొదటి ఫ్రాస్ట్‌కే (మంచు గడ్డకట్టే రాత్రికే) నల్లబడిపోయింది. అది మన ఊళ్లో ఉండే మందారం లాంటిదే, వేడి దేశపు మొక్క. చలి మొదలయ్యేలోపు ఇంట్లోకి తేవాల్సిందట. ఇక్కడి చలికి ఆగే హార్డీ హైబిస్కస్ వేరే. చలికాలంలో నేలమట్టానికి ఎండిపోయి, మే చివర్లో గానీ మళ్లీ లేవదు. మా స్నేహితురాలు అది చచ్చిపోయిందనుకుని మే మొదట్లో తవ్వి పారేసింది! చీటీ మీద జోన్ అని, మొక్క ఎంత చలికి ఆగుతుందో చెప్పే అంకె ఉంటుంది; అంకె తగ్గేకొద్దీ ఎక్కువ చలికి ఆగుతుంది. జోన్ 5 అనో 6 అనో ఉంటే కొనండి. 9 నుంచి 11 అని ఉంటే కుండీలోనే ఉంచండి. మల్లె, కరివేపాకు సంగతీ అంతే.

డాలస్‌తోట (ప్లేనో, టెక్సాస్)

ఇక్కడ మాకు లెక్క తిరగబడుతుంది. మాకు తొలి ఫ్రాస్ట్ మామూలుగా నవంబర్ సగం దాటాకే. చెట్టు నాటడానికి మా దగ్గర శరదృతువుని మించిన కాలం లేదు. ఏప్రిల్‌లో నాటి ఆగస్టు ఎండలో బతికించడమే కష్టం. నేను అక్టోబర్ సేల్ కోసం ఏడాదంతా ఆగుతాను.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో సున్నాకి కింద 2 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. ఏ ఊరు ఏ జోనో చెప్పే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) మ్యాప్ 2023లో కొత్తగా వచ్చి, చాలా ఊళ్లని అర జోన్ వెచ్చగా చూపించింది. అది చూసి మాకు సరిపోతుందో లేదో అన్నట్టున్న మొక్కలు సేల్‌లో కొనేస్తున్నారు. ఆ మ్యాప్ చెప్పేది ఏటా వచ్చే అతి చలికి 30 ఏళ్ల సగటు మాత్రమే. ఒక్క చెడ్డ రాత్రి చాలు.

పెరటిగుమ్మం

అందరికీ థాంక్స్. వివరాలు ముందే ఇవ్వాల్సింది. చచ్చిపోయినవి: మూడు చామంతులు, రెండు బాక్స్‌వుడ్‌లు, ఒక అంజూరం, ఒక మాగ్నోలియా. బతికినవి రెండు డేలిల్లీలు, ఒక హోస్టా, ఒక సీడమ్. నాటింది నవంబర్ రెండో వారంలో. దసరా, దీపావళి, ఇంట్లో చుట్టాలు, అలా ఆలస్యమైంది. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత పైపు బిగించేసి నీళ్లు పోయలేదు.

గడ్డపార

అక్కా, మీరు రాసిన జాబితాలోనే జవాబు ఉంది. నేల గడ్డకట్టేలోపు కనీసం ఆరు వారాలు దొరకాలి. మీరు ఇచ్చింది అంతకంటే తక్కువ.

చామంతులు బతుకమ్మకి కొన్నవే కదా? కుండీ నిండా విరగబూసిన చామంతి అప్పటికే బలమంతా పువ్వుకి పెట్టేసి ఉంటుంది. వేరు పట్టే ఓపిక దానికి ఉండదు. దాన్ని పూలగుత్తిలా అనుకోవాలి. బాక్స్‌వుడ్ ఏడాదంతా ఆకుతో ఉండే మొక్క, చలిగాలికి ఆకు నుంచి నీరు పోతూనే ఉంటుంది. వేరు కొత్తదైతే, నీళ్లు లేకపోతే తట్టుకోలేదు. అలాంటివి సెప్టెంబర్‌లో నాటాలి, నేల గడ్డకట్టేదాకా నీళ్లు ఆపకూడదు. మాగ్నోలియా, ఓక్, బర్చ్ లాంటివి శరదృతువులో వేరు పట్టడానికి మొరాయిస్తాయి. అవి ఎంత చవకైనా వసంతంలోనే. కుండీ అంజూరాన్ని ఆ చలికాలం గరాజ్‌లో ఉంచి మేలో నాటుంటే బతికేది.

అంటే ఏడింటికి ఏడూ సేల్ వల్ల పోలేదు.

పూలసజ్జ

ఒప్పుకుంటాను, కానీ ఇదంతా తెలిస్తేనే సేల్ లాభం. సేల్ బోర్డు మీద ఇవేవీ రాయరు కదా. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు 11 మొక్కలు తెచ్చి ఏడు పోగొట్టుకుని, నా చేతికి మొక్కలు రావు అనుకుని తోటే మానేస్తారు. నాకు బాధ అక్కడ. వాళ్లకి నేను మాత్రం ఏప్రిల్‌లో పూర్తి ధరకి మూడు మొక్కలు కొనమనే చెప్తాను. బాక్స్‌వుడ్ అయితే ఏ కాలంలోనూ వద్దంటాను. దానికి బ్లైట్ తెగులు ఉంది, 2021లో ఈ దేశంలో బయటపడిన, దాని ఆకు తినేసే పురుగు (బాక్స్ ట్రీ మాత్) కూడా నర్సరీ మొక్కలతోనే వచ్చింది.

గడ్డపార

బాక్స్‌వుడ్ విషయంలో మీతో వాదన లేదు. జంపింగ్ వామ్స్ భయం కూడా నిజమే. అందుకే నేను కుండీ మట్టినంతా బకెట్ నీళ్లలో కడిగేసి, ఉట్టి వేళ్లతో నాటుతున్నాను. కడిగిన నీళ్లు, మట్టి తోటలో పోయను. మొక్కకి పావుగంట పడుతుంది. కానీ ఏప్రిల్ మొక్కకీ అదే కుండీ, అదే మట్టి. పూర్తి ధర పెడితే పురుగు రాదన్న హామీ ఎక్కడుంది?

పూలసజ్జ

హామీ లేదు. ఏప్రిల్ మొక్క సేల్ మొక్కలా వేసవంతా పది చేతులు మారి, పది కుండీల పక్కన ఉండదు, అంతే.

పెరటిగుమ్మం

రేపు పొద్దున్నే మళ్లీ వెళ్తున్నాను. హైడ్రేంజియా కుండీలోంచి లాగి చూస్తాను, వేరు బాగుంటేనే తెస్తాను. ఈసారి నాలుగుకి మించి కొనను, ఆదివారం లోపలే నాటేస్తాను, పైపు డిసెంబర్ దాకా బిగించను. అక్కడ పియోనీ కూడా 12 డాలర్లకి చూశాను, ఆకంతా ఎండిపోయి ఉంది. దాన్ని ఏం చేయాలి?

గడ్డపార

తప్పకుండా తెచ్చుకోండి, పియోనీకి ఇదే సరైన కాలం. ఎండిన ఆకు కోసేయండి. దుంప మీద ఎర్రగా మొగ్గలు కనిపిస్తాయి. వాటి పైన మట్టి 2 అంగుళాలకి మించకూడదు. లోతుగా పెడితే ఏటా ఆకే వస్తుంది, పువ్వు రాదు. మొదటి ఏడాది పూయకపోయినా తవ్వి చూడకండి.