తగాదాకోరు అంటే కోర్టులకెక్కేవాడేనా?

నరసన్నపేట ఉపాధ్యాయిని: "తగాదాకోరు" అనే మాటకు సరైన అర్థమేమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో దయచేసి ఎవరైనా చెప్పండి. పొద్దుటి నుంచి నిఘంటువులు తిరగేస్తున్నాను. తగాదా ఒకచోట, కోరు మరొకచోట ఉన్నాయి గానీ రెండూ కలిసిన మాట కనిపించలేదు. అయినదానికీ కానిదానికీ కోర్టుకెక్కేవాడని మా ఇంట్లో అంటారు. నాకు పొసగడం లేదు.

చీపురుపల్లి పాఠకుడు: ఏ వాక్యంలో ఉంది?

బొబ్బిలి వకీలు: కోర్టుకెక్కడమే తప్పన్నట్టు మాట్లాడకూడదు. ఎదుటివారిని వేధించడానికే దావా మీద దావా వేసేవారి కోసం 1949లోనే మద్రాసు రాష్ట్రంలో ప్రత్యేక చట్టం చేశారు. అప్పుడు మనమూ ఆ రాష్ట్రంలోనివాళ్లమే. అటువంటి వ్యక్తి అనుమతి లేకుండా ఇక దావా వేయరాదని హైకోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. హక్కు కోసం నిలబడినవాణ్ని కూడా అదే మాటతో పిలవడం అన్యాయం.

రాజాం విశ్రాంత పండితుడు: అమ్మా, ఈ కోరు మన కోరడం కాదు. పారసీలో ఖోర్ అంటే తినేవాడు. హిందీలో లంచం తినేవాణ్ణి రిశ్వత్‌ఖోర్ అంటారు. దావా, రాజీ, జప్తు, వకీలు వంటి కోర్టు కచేరీ మాటలతో పాటే, చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు నాటి ఏలుబడిలో ఇదీ మన నోళ్లలో పడింది. ఇలా వచ్చిన మాటల అర్థం మారడమూ ఉంది. అరబ్బీలో దావా వేసినవాడే ముద్దయీ. మన దగ్గర ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు.

గజపతినగరం సభ్యుడు: ఒప్పుకోను. పేచీ కోరేవాడే పేచీకోరు.

రాజాం పండితుడు: మరి అబద్ధాలకోరు? అబద్ధాలు కోరుకునేవాడెవడు?

గజపతినగరం సభ్యుడు: తినేవాడు మాత్రం ఉంటాడా?

చీపురుపల్లి పాఠకుడు: ముందు వాక్యం ఇవ్వండి.

నరసన్నపేట ఉపాధ్యాయిని: క్షమించండి, అది అందరికీ తెలిసినట్టే రాశాను. మా తాతగారి ఉత్తరంలో ఇలా ఉంది: "షావుకారు ఒట్టి తగాదాకోరు. రోజూ మనిషిని పంపుతున్నాడు. కోతలయ్యాక ధాన్యం అమ్మి ఇచ్చేస్తానన్నా వినడు." ఆ ఉత్తరం ఉన్న ట్రంకుపెట్టెలో కోర్టు కాగితం ఒక్కటీ లేదు.

చీపురుపల్లి పాఠకుడు: అది బాకీ వసూలు. తకాజా అంటే బాకీ తీర్చమని వెంటపడటం. తగాదా దాని రూపమే. మీ తాతగారు ఆ పాత అర్థంలోనే రాశారు.

బొబ్బిలి వకీలు: బాకీ అడగడం కూడా హక్కే.

నరసన్నపేట ఉపాధ్యాయిని: ధన్యవాదాలు. ఆ షావుకారు మనవలు మా వీధిలోనే ఉన్నారు. ఇన్నేళ్లూ వారిది కోర్టుపక్షుల ఇల్లనే చెప్పుకున్నాం. అమ్మకు ఈ రాత్రే ఉత్తరం మళ్లీ చదివి వినిపిస్తాను.

గజపతినగరం సభ్యుడు: కోరు సంగతి ఇంకా తేలలేదు.