ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను: పేరెంట్స్ మీటింగ్‌లో ఏం చెప్పాలి?

ప్రశ్న (ప్రైమరీ టీచర్)

శనివారం పేరెంట్స్ మీటింగ్. మూడు నుంచి ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వస్తారు. ఎక్కువ ఇళ్లలో ఆండ్రాయిడ్ ఫోను ఒకటే, అదీ అమ్మదో నాన్నదో. హోంవర్కు వాట్సాప్‌లో వస్తోంది కాబట్టి "ఫోను ఇవ్వొద్దు" అంటే కుదరదు. హోంవర్కు కోసమని తీసుకుంటారు, కాసేపటికి షార్ట్స్‌లో ఉంటారు. తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ వీడియో పెడితేగానీ ముద్ద దిగదు. నాకున్నది అరగంట. ఆ రోజే ఇంటికెళ్లి చేసుకోగలిగేవి చెప్పండి. అందరిచేతా ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోనును పెద్దవాళ్లు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్) పెట్టించమంటారా?

జవాబు (ఫోన్ సర్వీసింగ్)

అందరికీ వద్దండి. ఫ్యామిలీ లింక్ పిల్లల అకౌంటును బట్టి పనిచేస్తుంది. నాన్న అకౌంటుతో నడిచే ఫోనులో అది ఎవరినీ ఆపలేదు. ఒకటే ఫోనున్న ఇంటికి కావాల్సింది యాప్ పిన్నింగ్, అంటే ఫోనును ఒక్క యాప్‌కే కట్టిపడేయడం. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉంటుంది. పేరు కంపెనీని బట్టి కాస్త మారుతుంది కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో 'పిన్' అని కొట్టించండి. ఆన్ చేశాక "అన్‌పిన్ చేసే ముందు పిన్ (స్క్రీన్ లాక్ నంబరు) అడగాలి" అన్నది కూడా తప్పకుండా ఆన్ చేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు. వదిలేస్తే పిల్లలు రెండు రోజుల్లో బయటపడే దారి కనిపెట్టేస్తారు. తర్వాత ఇవ్వదలచిన యాప్ తెరిచి, రీసెంట్స్‌కి (ఇటీవల తెరిచిన యాప్‌లు కనిపించే స్క్రీన్) వెళ్లి, యాప్ బొమ్మ నొక్కితే 'పిన్' కనిపిస్తుంది. ఇక ఆ యాప్ తప్ప వేరేది తెరుచుకోదు. స్క్రీన్ లాక్ నంబరు పిల్లలకు తెలిసిపోయి ఉంటే ముందు అది మార్చాలి, లేకపోతే ఇదంతా దండగ.

వీడియోలకు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, దాన్ని పిన్ చేయండి. అందులో పెద్దవాళ్ల తాళం మామూలుగా ఒక గుణకారం లెక్క అడుగుతుంది. నాలుగో తరగతి పిల్లలకు ఎక్కాలు నేర్పేది మీరే కదా మేడమ్, అది వాళ్లకు తాళమే కాదు. అక్కడే సొంత పాస్‌కోడ్ పెట్టుకునే వీలుంది. తర్వాత సెర్చ్ ఆపేసి, టైమర్ 20 నిమిషాలకు పెట్టాలి.

జవాబు (పిల్లల డాక్టర్)

తిండి సంగతి నేను చెబుతాను. వీడియో చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిందో, ఇంకా ఆకలిగా ఉందో తెలియదు. నోరు దానంతట అది తెరుచుకుంటుంది. అలాగని మూడు పూటలూ ఒకేసారి మాన్పించబోతే ఇంట్లో ఎవరూ తట్టుకోలేరు. ఒక్క పూటతో మొదలుపెట్టమనండి, అందరూ కలిసి కూర్చునే పూటైతే మంచిది. టీవీ కూడా ఆఫ్. 20 నుంచి 30 నిమిషాలు టైమిచ్చి, తిన్నంత తిననిచ్చి, కంచం తీసేయాలి. మధ్యలో బిస్కెట్లు పెట్టకూడదు. మొదటి కొన్ని రోజులు తక్కువే తింటారు. బరువు బాగానే ఉన్న బిడ్డకు దానివల్ల ప్రమాదం లేదు. బరువు తగ్గుతున్న పిల్లల్ని మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి.

ఏడుపు తగ్గేముందు ఒకసారి పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే నానమ్మో అమ్మమ్మో జాలిపడి ఫోను ఇచ్చేస్తారు. ఇంకాస్త గట్టిగా, ఇంకాసేపు ఏడిస్తే వస్తుందని బిడ్డకు అర్థమవుతుంది. అందుకే వీలైతే మీటింగ్‌కి వాళ్లనీ పిలవండి. రోజంతా పిల్లల్ని చూసుకునేది చాలా ఇళ్లలో వాళ్లే.

ఏ వయసుకు ఎంతసేపు స్క్రీన్ అని అడిగితే, పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఇది: 2 ఏళ్లలోపు అసలు వద్దు, అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్ తప్ప. 2 నుంచి 5 ఏళ్లకు రోజుకు గంట మించొద్దు, 5 నుంచి 10 ఏళ్లకు 2 గంటల లోపు. హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) రాకుండా రోజుకు 2 గంటలు ఆరుబయట ఆడుకోవడమూ అంతే ముఖ్యం.

టీచర్

సర్, మేడమ్, ఇద్దరికీ ధన్యవాదాలు. మరి హోంవర్కు?

జవాబు (హైస్కూల్ టీచర్)

అది మన చేతిలోనే ఉంది మేడమ్. బోర్డు మీద రాసి, బడి వదలకముందే డైరీలో ఎక్కించండి. గ్రూపులో పెట్టేది సెలవు పెట్టిన పిల్లల కోసమే అని చెప్పేయండి. ఫోటో పంపక తప్పని రోజు రాత్రి 7 లోపు ఒకే మెసేజ్‌గా పంపితే, అమ్మ చూసి నోటుబుక్కులో రాయించి ఫోను పక్కన పెట్టేయగలదు. తొమ్మిదింటికి "రేపు చార్టు తేవాలి" అని మెసేజ్ పెడితే ఆ ఇంట్లో రాత్రంతా ఫోను తెరిచే ఉంటుంది.

ఇంకోటి, అలారం కోసమని ఫోను మంచం మీదకు చేరుతుంది. బల్ల మీద పెట్టుకునే అలారం గడియారం ఒకటి కొనమనండి. ఛార్జర్ హాల్లోనే ఉండాలి, పెద్దవాళ్ల ఫోన్లు కూడా అక్కడే.

జవాబు (ఫోన్ సర్వీసింగ్)

పాత ఫోను పిల్లలకు ఇచ్చేసిన ఇళ్లు కొన్ని ఉంటాయి. ఫ్యామిలీ లింక్ వాళ్లకు చెప్పండి. ముందు ఆ ఫోను ఫ్యాక్టరీ రీసెట్ చేసి (అంటే ఉన్నదంతా చెరిపేసి), పిల్లల అకౌంటు ఒక్కటే పెట్టాలి. అకౌంటు తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం నిజమైనదే వేయాలి. త్వరగా అయిపోతుందని పెద్ద వయసు వేస్తే గూగుల్ దాన్ని పెద్దవాళ్ల అకౌంటుగానే చూస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6:30 వరకు డౌన్‌టైమ్ (ఫోను లాకై ఉండే సమయం) పెడితే చాలు, మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. పిల్లల ఫోనులో నెట్ లేకపోతే మీరు మార్చినవి దానికి చేరవు. "పెట్టాను, పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామందికి వచ్చే ఇబ్బంది ఇదే.

డబ్బుల విషయం మర్చిపోకండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టించండి, యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టొద్దనండి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు బోర్డు మీద పెద్దగా రాసి ఉంచండి.