సెర్బియాలోని రొమేనియన్ ఊరు గ్రెబెనాత్స్: దాని చరిత్ర ఎక్కడ వెతకాలి?

సఖినేటిపల్లి పాఠకుడు అడుగుతున్నారు:

సభ్యులందరికీ నమస్కారం. నాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరు. రెండేళ్లుగా ఆ ఊరి చరిత్ర రాసే ప్రయత్నంలో ఉన్నాను. ఈ మధ్య సెర్బియన్ కవి వాస్కో పోపా (1922–1991) గురించి చదువుతుంటే, ఆయన పుట్టింది గ్రెబెనాత్స్ అనే చిన్న ఊళ్లోననీ, అది సెర్బియాలోనే ఉన్నా అక్కడి జనంలో ఎక్కువమంది రొమేనియన్లేననీ తెలిసింది. పటంలో చూస్తే ఆ ఊరికి ఒక పక్క డాన్యూబ్ నది, మరో పక్క దెలిబ్లాటో ఇసుక దిబ్బలు కనిపించాయి. నదికీ ఇసుకకూ మధ్య ఉన్న ఆ ఊరిని చూడగానే మా ఊరే కళ్లముందు మెదిలింది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఆ రొమేనియన్లు రొమేనియా నుంచి అక్కడికి ఎప్పుడు వలస వచ్చారు? రాజధానులకు అంత దూరాన ఉన్న చిన్న ఊరి చరిత్రకు ఎలాంటి ఆధారాలు దొరుకుతాయి? మా ఊరి విషయంలో నా దగ్గర ఉన్నవల్లా మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన శిస్తు రసీదులు, గుడి గోడమీద సగం అరిగిపోయిన ఒక శాసనం, పెద్దవాళ్లు చెప్పే మాటలు.

కాలువగట్టు సమాధానం:

అయ్యా, మీ మొదటి ప్రశ్నలో ఉన్న "రొమేనియా నుంచి" అన్న మాటను ముందుగా సరిచూసుకోవాలి. మోల్డావియా, వలాకియా సంస్థానాలు ఒక్కటై రొమేనియా రాజ్యానికి పునాది పడింది 1859లో. గ్రెబెనాత్స్ ఉన్న బనాట్ సీమలో రొమేనియన్ మాట్లాడే రైతులు, గొర్రెల కాపరులు అంతకు ఎంతో ముందునుంచే ఉన్నారు. 1552 నుంచి తురుష్కుల ఏలుబడిలో ఉన్న ఆ సీమ 1718లో పసరోవిట్స్ సంధితో ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గు రాజవంశం చేతికి వచ్చింది. కాబట్టి వాళ్లు ఒక దేశం విడిచి మరో దేశానికి వచ్చినవాళ్లు కారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920 జూన్ 4న ట్రియనాన్ సంధి జరిగే నాటికి బనాట్‌లో మూడింట రెండు వంతులు రొమేనియాకు, దాదాపు ఒక వంతు తరవాత యుగోస్లావియా అయిన రాజ్యానికి, చిన్న ముక్క హంగరీకి పంచుకున్నారు. ఆ పంపకంలో కొన్ని రొమేనియన్ ఊళ్లు సరిహద్దు గీతకు ఇవతల, నేటి సెర్బియా వైపు మిగిలాయి.

అయితే ఆ ఊళ్ల అసలు చరిత్ర 1920లో కన్నా 18వ శతాబ్దంలో ఉందని నా అభిప్రాయం. డాన్యూబ్‌కు అవతలి ఒడ్డున తురుష్కులు ఉండడంతో హాబ్స్‌బర్గులు 1760ల నుంచి దక్షిణ బనాట్‌ను సైనిక సరిహద్దుగా ఏర్పాటు చేశారు. అక్కడి రైతుకు జమీందారు ఉండడు. పొలం ఇచ్చినందుకు ఇంటి మగవాళ్లు సిపాయిలుగా కాపలా కాయాలి. నది ఒడ్డున గుంజలమీద ఎత్తుగా కట్టిన కావలి గుడిసెలను చార్దాక్‌లు అనేవారు. మన చేలల్లో మంచె ఎలా ఉంటుందో అలాగే ఉండేవి, కాకపోతే వీళ్లు పిట్టలను తోలడానికి ఎక్కేవారు కారు. శత్రువుతో పాటు అవతలి ఒడ్డునుంచి ప్లేగు కూడా దాటి రాకుండా చూడడం వాళ్ల పని. నది దాటి వచ్చిన మనుషులనూ సరుకులనూ పాంచెవో వంటి చోట్ల రోజుల తరబడి విడిగా ఉంచిన తరవాతే లోపలికి పంపేవారు.

ఈ ఏర్పాటు కుటుంబం రూపాన్నే నిర్ణయించింది. 1807 నాటి సరిహద్దు చట్టం పొలాన్ని వ్యక్తికి కాక ఉమ్మడి ఇంటికి కట్టబెట్టింది. అన్నదమ్ములు విడిపోతే సిపాయి వెళ్లినప్పుడు సేద్యం చేసే చెయ్యి ఉండదు కనుక పంపకాలు కట్టడి చేశారు. 1872లో బనాట్ సైనిక సరిహద్దును రద్దు చేశాక ఆ ఉమ్మడి ఇళ్లూ మెల్లగా చీలిపోయాయి. మన డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీరు వచ్చి పొలాల విలువ, పంపకాల తగవులు ఎలా మారాయో మీ ఊరి పెద్దలను అడిగి రాస్తే, ఆ అధ్యాయం పక్కన ఇది పెట్టి చదువుకోవచ్చు.

యానాం వాసి సమాధానం:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే మాది కూడా గీత మధ్యలో మిగిలిన ఊరే. చుట్టూ ఉన్నది తెలుగు నేలే అయినా 1954 జూన్ 13 దాకా మాది ఫ్రెంచి పాలన, చట్టరీత్యా విలీనం జరిగింది 1962 ఆగస్టు 16న. 1930లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చాక అలాంటి పెళ్లిళ్లు చేయదలచినవారు మా ఊరికి పెళ్లిబృందాలతో తరలివచ్చేవారు. యానాంను కల్యాణపురం అనడం అప్పటిదే.

బనాట్ ఊళ్లకు మొదటి ఆధారం పటాలు. 1769 నుంచి 1772 వరకు హాబ్స్‌బర్గ్ సైన్యం ఆ సీమనంతా కొలిచి గీయించింది. ఊళ్లు, చిత్తడి నేలలు, దారులు అన్నీ వాటిలో ఉంటాయి, అవి వియన్నా సైనిక దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. రెండోది చర్చి పుస్తకాలు, వీటిని చదవడంలోనే జాగ్రత్త కావాలి. 1864 దాకా అక్కడి రొమేనియన్ ఆర్థడాక్స్ చర్చిలు సెర్బియన్ల కార్లోవ్‌సి పీఠం కింద ఉండేవి. ఆ ఏడాది బిషప్ ఆంద్రేయ్ షగూనా కృషితో ట్రాన్సిల్వేనియాలోని సిబియు నగరంలో రొమేనియన్లకు వేరే పీఠం ఏర్పడింది. పైగా 19వ శతాబ్దం మధ్యవరకు రొమేనియన్ భాషనే సిరిలిక్ లిపిలో (సెర్బియన్, రష్యన్ భాషలకు వాడే లిపి) రాసేవారు. పోపా అంటే రొమేనియన్‌లో పూజారి. అదే ఇంటిపేరు సెర్బియన్ గుమాస్తా కలం కింద పోపోవిచ్ అయ్యేది. 1895 అక్టోబరు నుంచి, అప్పట్లో ఆ సీమ ఏ రాజ్యం కింద ఉండేదో ఆ హంగరీ ప్రభుత్వమే జననమరణాలు నమోదు చేయడం మొదలుపెట్టాక పేర్లు హంగేరియన్ రూపంలో పడ్డాయి. ఒకే కుటుంబం మూడు పుస్తకాల్లో మూడు కుటుంబాలుగా కనిపిస్తుంది. మా ఇంట్లో ఉన్న ఒక పాత ఫ్రెంచి పత్రంలో మా ఇంటిపేరులోని "చ" అక్షరాన్ని పై వరసలో ఒక తీరుగా, కింద సంతకం దగ్గర మరో తీరుగా రాశారు. నా చిన్నప్పుడు అవి ఇద్దరి పేర్లనుకున్నాను.

అందుకే ఏ కాగితం దొరికినా, ముందుగా దాన్ని ఎవరు, ఏ అవసరానికి రాశారో అడగండి. సైన్యం సిపాయిలను లెక్కపెట్టింది, చర్చి ఆత్మలను, ప్రభుత్వం పన్నులను. ఆడవాళ్లు, పశువుల కాపరులు ఎక్కడో ఒక మూలనే కనిపిస్తారు. మీ శిస్తు రసీదులు కూడా అంతే, పొలం లేనివాళ్ల జాడ వాటిలో ఉండదు. గ్రెబెనాత్స్ మీద ఇంకో ఆధారం పత్రికలు. 1945లో మొదలైన రొమేనియన్ వార్తాపత్రిక లిబెర్టాటేయ, 1947లో వర్షాత్స్‌లో వాస్కో పోపా సంపాదకత్వాన మొదలైన లూమినా సాహిత్య పత్రిక ఉన్నాయి. సెర్బియన్‌లో కవిత్వం రాసిన ఆయన, రొమేనియన్‌లో పత్రిక నడపడానికీ పూనుకోవడం నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది.

సఖినేటిపల్లి పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇసుక గురించి ఎవరైనా చెప్పగలరా?

కాలువగట్టు సమాధానం:

చెప్పగలను. ఆగ్నేయం నుంచి వీచే కొషావా అనే గాలి ఆ ఇసుకను పొలాలమీదకు తోసేది. 1818లో ఫ్రాంట్స్ బాఖోఫెన్ ఆధ్వర్యాన ఆ దిబ్బలపై చెట్లు నాటడం మొదలై తరాలపాటు సాగింది. నేడు దెలిబ్లాటోలో అడవి, పచ్చిక కనిపిస్తున్నాయంటే కారణం అదే. మీ తీరంలోని సరుగుడు తోటలను ఎవరు, ఏ సంవత్సరం నాటించారో ఊళ్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే అడిగి రాసుకోండి.

సఖినేటిపల్లి పాఠకుడు:

తప్పకుండా. రసీదులు మళ్లీ తీసి చూశాను. రెండింటిలో ఊరిపేరు చివర "లంక" అని ఉంది, ఇప్పుడెవరూ అలా పిలవరు. అంటే ఒకప్పుడు మా ఊరికి అన్ని వైపులా నీరే ఉండేదేమో. ఆదివారం మా పెదనాన్నగారి దగ్గరకు వెళ్లి అడుగుతాను.