తెలిసినవాళ్ళు అడిగితే ఫోన్‌లో మందు పేరు చెప్పవచ్చునా?

గుంటూరు ఫిజీషియన్:
బంధువులైనా, స్నేహితులైనా, అపార్టుమెంటులో పై అంతస్తువారైనా సరే, ఫోన్‌లోనో ఫంక్షన్‌లోనో మందు పేరు చెప్పకూడదని ఏడాది క్రితం నియమం పెట్టుకున్నాను. దీనివల్ల చుట్టాల్లో నాకు గీర మనిషినని పేరు వచ్చింది. కారణం చెబుతాను, తప్పో ఒప్పో మీరే తేల్చండి.

ఒక పెళ్ళిలో బంతిలో కూర్చుని ఉండగా, మా బావమరిది తోడల్లుడు పక్క విస్తరి నుంచి వంగి, రెండు రోజులుగా గుండెల్లో మంటగా ఉంది, పులితేన్పులు వస్తున్నాయి, ఏదైనా గ్యాస్ బిళ్ళ చెప్పండి అన్నారు. నేను సాంబారు కలుపుకుంటూనే పాంటోప్రజోల్ అన్నాను. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగర్ ఉన్న సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మూడోనాడు ఆయాసంతో ఆస్పత్రిలో చేర్చి ఈసీజీ తీస్తే గుండెపోటని తేలింది. అదృష్టవశాత్తూ బయటపడ్డారు. షుగర్ ఉన్నవారికి గుండెపోటు వచ్చినా అసలు నొప్పి తెలియకపోవచ్చునన్నది వైద్య విద్యార్థికి కూడా తెలిసిన విషయమే; అదే మనిషి నా ఓపీలో కూర్చుని ఉంటే ఈసీజీ చూడకుండా పంపేవాణ్ణి కాను. ఆయన భార్య మాత్రం వచ్చినవారందరితోనూ “మా డాక్టరు గారికి చూపించాకే బిళ్ళ వేసుకున్నారు” అని చెబుతూ వచ్చారు. నేను ఆయన విస్తరిని చూశానే గానీ ఆయనను చూడలేదు.

ఒంగోలు ఉపాధ్యాయుడు:
డాక్టరు గారూ, మీ బాధ అర్థమైంది గానీ మీ నియమాన్ని ఒప్పుకోలేను. మా అమ్మగారి థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) 6.8 అని ముద్దక్షరాలతో వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు ఓపీ చీటీ రాయించుకుని రెండున్నర గంటలు కూర్చుంటే, పెద్ద డాక్టరు గారు మూడు నిమిషాలు చూసి మందులు రాశారు, అవి ఎందుకో చెప్పలేదు. చివరికి నాతో చదువుకుని పిల్లల డాక్టరైన మిత్రుడు వాట్సాప్‌లో రిపోర్టు చూసి, ఇది కంగారుపడేటంత సంఖ్య కాదనీ, రెండు మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించే విషయం ఆ డాక్టరు గారినే అడగమనీ చెప్పాడు. మాబోటి వాళ్ళకు తెలిసిన డాక్టరంటే విడమరిచి చెప్పే మనిషి. మీరు తలుపు వేసేస్తే మేము వెళ్ళేది ఓపీకి కాదు, మెడికల్ షాపు కుర్రాడి దగ్గరికి. అతను ఏ నియమమూ పెట్టుకోలేదు.

హైదరాబాద్ న్యాయవాది:
ఫోన్‌లో వైద్యం చెప్పడమే నేరమన్న అపోహ చాలామందిలో ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో, ఫోన్, సందేశం మూడింటినీ అనుమతిస్తున్నాయి. అయితే అడుగుతున్నది ఎవరో, వయసెంతో నిర్ధారించుకోవాలి, ఏమి చెప్పారో రాసి భద్రపరచాలి, చూడకుండా చెప్పలేని జబ్బయితే నేరుగా రమ్మనాలి. పెళ్ళి బంతిలో ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు. ఫీజు తీసుకోలేదు కనుక బాధ్యత లేదనుకోవడం మరో పొరపాటు. అందరికీ ఉచితంగా చేసే సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గర ఫీజు తీసుకునే ఆస్పత్రిలో మిగిలినవారికి ఉచితంగా చేసినది మాత్రం వస్తుందని అదే తీర్పు చెప్పింది. పెళ్ళి పందిరి ఏ కోవలోకి వస్తుందో తేల్చవలసి వస్తే మా వకీళ్ళకు పండగే.

డల్లాస్ వైద్యురాలు:
విజయవాడలో మా అమ్మ ఇరుగుపొరుగువారు పగలు పదకొండింటికి ఫోన్ చేస్తే నాకు అర్ధరాత్రి. నా లైసెన్సు టెక్సాస్‌ది కనుక విజయవాడలో మందు రాసే హక్కు నాకు లేదు, అక్కడి బ్రాండ్ల పేర్లూ సగం తెలియవు. సొంత కుటుంబ సభ్యులకే సాధారణంగా వైద్యం చేయవద్దని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నీతి నియమావళి చెబుతుంది. నేను మందు చెప్పను, వారి డాక్టరును అడగవలసిన ప్రశ్నలు చెబుతాను. ఒక్క విషయంలో మాత్రం మీ ఇద్దరితోనూ విభేదిస్తాను. మందు పేరు చెప్పకపోవడం ఒక్కటే జాగ్రత్త కాదు, “కంగారేమీ లేదు” అన్నమాట కూడా మందే. బిళ్ళకైనా మోతాదు ఉంటుంది గానీ దానికి అదీ లేదు. మాస్టారు గారి మిత్రుడు ఆ మాట అన్నా వెంటనే డాక్టరును అడగమన్నారు కాబట్టి సరిపోయింది.

ఒంగోలు ఉపాధ్యాయుడు:
అలాగైతే “వెంటనే వెళ్ళండి” అన్న మాట అయినా చెప్పవచ్చు కదా అమ్మా! ఆ రోజు పెళ్ళిలో ఆ ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. డాక్టరు గారి నియమం నోరు కట్టేసుకోవడం దాకా వెళ్ళింది, నా అభ్యంతరం అక్కడే.

గుంటూరు ఫిజీషియన్:
మాస్టారు గారి మాట నాకు గుచ్చుకుంది, నిజమే. నిన్న రాత్రి పై అంతస్తు అమ్మాయి ఫోన్ చేసి, పాపకు జ్వరం, పారాసిటమాల్ ఎన్ని ఎంఎల్ పోయాలి అంకుల్ అని అడిగింది. ఇదివరకటిలా ఫోన్ పెట్టేయకుండా పాప బరువెంత, పాలు తాగుతోందా, మూత్రం పోసిందా అని అడిగి, ఇంట్లో ఉన్న సీసాతో సహా కిందికి రమ్మన్నాను. ఏడు కిలోల పాప. పిల్లల సిరప్‌లో సాధారణంగా 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ అమ్మాయి తెచ్చింది డ్రాప్స్ సీసా, అందులో ఒక్క మి.లీ.కే 100 మిల్లీగ్రాములు. పాత అలవాటు ప్రకారం సిరప్ అనుకుని ఫోన్‌లోనే నాలుగు ఎంఎల్ అని ఉంటే, ఆ పాపకు సరిపోయే దానికి నాలుగు రెట్లు పోసేది. ఒక్క ఎంఎల్ అని కాగితం మీద రాసి ఇచ్చి, పాప పేరు, బరువు, చెప్పిన మోతాదు నా రిజిస్టరులో ఎక్కించాను. కనుక నియమాన్ని ఇంతవరకు సవరించుకుంటున్నాను: ఎవరు అడిగినా ప్రశ్నలు అడుగుతాను, ఆలస్యం చేయకూడనిదైతే ఆ మాట అప్పటికప్పుడే చెబుతాను, మెట్లు దిగి వచ్చినవారిని చూస్తాను. ఫోన్‌లో మోతాదు మాత్రం ఇప్పటికీ చెప్పను.