నల్లజాతి యూనివర్సిటీలో ఎమ్మెస్: ఏ అండ్ టీ, హోవర్డ్, మోర్గాన్‌లలో చదివినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

గోదావరి_అక్క
మా తమ్ముడికి గ్రీన్స్‌బరోలోని నార్త్ కరోలినా ఏ అండ్ టీలో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. వీసాకి కావాల్సిన ఐ-20 కాగితం కూడా చేతికొచ్చింది. అందరం సంతోషంగా ఉండగా బంధువొకాయన ఫోన్ చేసి, "అది నల్లవాళ్ళ కాలేజీ, పిల్లాణ్ణి అక్కడికెందుకు పంపుతున్నారు" అన్నారు. అప్పట్నుంచి అమ్మ సరిగ్గా నిద్రపోవడం లేదు. వాడు మాత్రం అక్కడికే వెళ్తానంటున్నాడు. ఫీజులు, ర్యాంకులు మేం చూసుకున్నాం. నాకు తెలియాల్సింది అక్కడ రోజులు ఎలా గడుస్తాయన్నది. మన పిల్లలు కలిసిపోగలరా? తిండి, స్నేహాలు, భద్రత, ఏదైనా సరే రాయండి.

ఆగీ_ఈసీఈ
అక్కా, నేను ఏ అండ్ టీలోనే చదివాను. అక్కడి విద్యార్థుల్ని ఆగీలంటారు. మీ తమ్ముడూ రేపు ఆగీయే.

అమ్మగారికి ముందు ఆ కాలేజీ ఎలా పుట్టిందో చెప్పండి. అమెరికా దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళని తమ కాలేజీల గడప తొక్కనివ్వని రోజులవి. "వాళ్ళని చేర్చుకోండి, లేదంటే వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి, అప్పుడే డబ్బులిస్తాం" అని 1890 మోరిల్ చట్టంతో కేంద్రం షరతు పెట్టింది. ఆ షరతు వల్ల 1891లో ఏ అండ్ టీ వచ్చింది. ఇవాళ దేశంలో ఇలాంటి కాలేజీలు వంద దాకా ఉన్నాయి, హెచ్‌బీసీయూలంటారు. వాటిలో విద్యార్థుల సంఖ్య ప్రకారం ఇదే పెద్దది. ఇక్కడి ఇంజనీరింగ్ భవనం పేరు మెక్‌నేర్ హాల్. 1971లో ఇక్కడ ఫిజిక్స్ డిగ్రీ చేసి, ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, వ్యోమగామి అయిన రొనాల్డ్ మెక్‌నేర్ పేరది. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో పోయారు. ఆయన పేరున్న తలుపులోంచి రోజూ ల్యాబుకి వెళ్ళడం నాకు చాలా గర్వంగా ఉండేది.

క్యాంపస్‌లో నలుగురు కుర్రాళ్ళు పక్కపక్కనే నడుస్తున్న విగ్రహం ఉంది. 1960 ఫిబ్రవరి 1న మొదటి సంవత్సరం చదువుతున్న ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్ ఊళ్ళోని ఊల్‌వర్త్ దుకాణానికి వెళ్ళారు. టూత్‌పేస్టు లాంటివి కొంటే వాళ్ళ డబ్బు తీసుకున్నారు. అదే దుకాణంలో తెల్లవాళ్ళకే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగితే మాత్రం ఇవ్వం పొమ్మన్నారు. దుకాణం మూసేదాకా వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, వారం తిరిగేసరికి వందలమందయ్యారు. దగ్గర్లోని బెన్నెట్ కాలేజీ అమ్మాయిలూ వచ్చి కూర్చున్నారు. జూలై 25న దుకాణం దిగొచ్చింది. ఇప్పుడది మ్యూజియం. ఆ కౌంటరు, స్టూళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. తమ్ముణ్ణి మొదటి నెలలోనే వెళ్ళి చూడమనండి. ఆ నలుగురి పేర్లూ హాస్టల్ భవనాలకి ఉన్నాయి. వాళ్ళలో మెక్‌నీల్ గారు 2025 సెప్టెంబరులో కాలం చేశారు.

వరంగల్_టు_డీసీ
అక్కా, నేను వాషింగ్టన్ల హోవర్డ్‌ల చదివిన. ఇంట్లోల్లకు ఒక మాట గట్టిగ చెప్పుండ్రి. పేరుకు నల్లజాతి యూనివర్సిటీ అంటరు గానీ, ఎవ్వలనూ రావద్దనదు. హోవర్డ్‌ను 1867ల పెట్టినప్పటి సంది ఏ జాతోల్లైనా, ఆడోల్లైనా మొగోల్లైనా చేరొచ్చు. ఇయ్యాల హెచ్‌బీసీయూలన్నీ కలిపి చూస్తే నాలుగో వంతు దాక పిల్లలు నల్లోల్లు కాదు. కమలా హారిస్ డిగ్రీ గూడ హోవర్డ్‌దే, 1986 బ్యాచ్.

తెలుసుకొని పోవాల్సింది ఒకటున్నది. డివైన్ నైన్ అని తొమ్మిది ఫ్రటర్నిటీలు, సొరారిటీలు, అంటే మొగపిల్లల సంఘాలు, ఆడపిల్లల సంఘాలు ఉంటయి. ఒక్కొక్కదానికి రంగులు, చేతి సైగలు, అరుపులు వేరే. వందేండ్ల సంది తాత, తండ్రి, కొడుకు అట్ల ఒకే దాంట్ల ఉన్న ఇండ్లున్నయి. లైన్ కట్టి అడుగులేసుకుంట పోతుంటే స్ట్రోల్ అంటరు. చూడుండ్రి, చప్పట్లు కొట్టుండ్రి, కానీ ఆ లైన్ నడిమిట్లకెల్లి దాటొద్దు. ఆల్ల సైగలు చేసుకుంట ఫొటోలు దిగొద్దు. మనోల్లు కొందరు తెల్వక చేస్తరు, ఆల్లకు మస్తు బాధయితది. ఆ గుర్తు కోసం ఆల్లు ఎంత కష్టపడ్డరో నేను కండ్లార చూసిన.

ఇంకోటి. హోవర్డ్ క్యాంపస్‌ల చాపెల్‌కు, అంటే ప్రార్థన మందిరానికి, డీన్‌గ ఉండే హోవర్డ్ థర్మన్ 1936ల మన దేశమొచ్చి గాంధీని కలిసిండు. అహింసతోని ఎట్ల కొట్లాడాలె అని గంటలకొద్ది మాట్లాడుకున్నరు. మనకు ఆల్లకు సంబంధం ఇయ్యాల్టిది కాదు.

బాల్టిమోర్_తెలుగు
తిండి గురించి అడిగారు కదా, అది నేను రాస్తాను. మాది మోర్గాన్ స్టేట్. హెచ్‌బీసీయూ డైనింగ్ హాళ్ళలో బుధవారమంటే ఫ్రైడ్ చికెన్. చాలా కాలేజీల్లో అది ఆచారం. ఆ రోజు వరస బయటి దాకా ఉంటుంది, క్లాసులో ముభావంగా ఉండేవాళ్ళు కూడా అక్కడ పలకరిస్తారు. నాకు మొదటి స్నేహితులు ఆ వరసలోనే దొరికారు. ఆకుకూరే కదా అని కాలర్డ్ గ్రీన్స్ అడక్కుండా వడ్డించుకోవద్దు. పంది మాంసం ముక్కో, పొగబెట్టిన టర్కీ ముక్కో వేసి ఉడికించడం మామూలు. శాకాహారులైతే ప్రతిదీ అడిగే తినాలి, అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

కార్యక్రమాల్లో నల్లజాతి జాతీయగీతంగా చెప్పుకునే పాట మొదలైతే హాలంతా లేచి నిలబడుతుంది. మనమూ నిలబడాలి. మా కాలేజీ కోయిర్ (పాటల బృందం) ఆ పాట పాడుతుంటే వినాలండీ. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ అది విన్నప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడిచేది. మా క్యాంపస్ పక్కన నార్త్‌వుడ్ థియేటర్ ఉండేది. నల్లవాళ్ళకీ టికెట్ ఇవ్వాలని పోరాడినందుకు 1963లో మోర్గాన్ పిల్లలు వందలమంది అరెస్టయ్యారు. చివరికి థియేటర్ తలుపులు తెరిపించారు. సెమినార్లలో పెద్దవాళ్ళు ఈ సంగతులు చెప్తుంటే చరిత్ర పుస్తకం చదివినట్టు ఉండదు. ఆ రోజు పక్కన ఎవరు నిలబడ్డారో పేర్లతో సహా చెప్తారు.

గోదావరి_అక్క
అందరికీ థాంక్స్. అమ్మకి చదివి వినిపిస్తున్నాను. భద్రత సంగతి ఎవరూ రాయలేదు, అదే అడుగుతోంది.

ఆగీ_ఈసీఈ
క్యాంపస్‌కి సొంత పోలీసులున్నారక్కా, ఏదైనా జరిగితే ఫోన్లకి మెసేజ్ వస్తుంది. రాత్రి ల్యాబు నుంచి ఒంటరిగా రావొద్దు, ఇల్లు తీసుకునేముందు ఆ వీధి చూసుకోవాలి. ఈ జాగ్రత్తలు అమెరికాలో ఏ ఊరికైనా ఇవే. నల్లవాళ్ళు ఎక్కువున్నారు కాబట్టి భయపడాలి అనే మాట మాత్రం అమ్మగారి దగ్గర ఎవర్నీ అననివ్వకండి. నాకు జ్వరమొస్తే సూప్ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టిపోయింది పక్కగది నల్లజాతి కుర్రాడే. కారు లేనన్నాళ్ళూ నన్ను కిరాణాకి తీసుకెళ్ళిందీ అతనే.

కేరీ_నాన్న
అమ్మా, నేను నార్త్ కరోలినాలోనే కేరీలో ఉంటాను. మా అమ్మాయి ఏ అండ్ టీలోనే చదువుతోంది. రెండు విషయాలు రాస్తాను.

1965 దాకా మన దేశం నుంచి అమెరికాలో స్థిరపడటానికి ఏడాదికి వందమంది వరకే రానిచ్చేవారు. ఆ కోటాలు తీసేసిన చట్టం అదే ఏడాది వచ్చింది. నల్లవాళ్ళు రోడ్డెక్కి, దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి చేసిన పౌరహక్కుల పోరాటం లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. నాలాంటివాళ్ళం ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నామంటే వాళ్ళ పుణ్యమే. ఇది తెలియకుండా మనవాళ్ళు వాళ్ళని తక్కువ చేసి మాట్లాడుతుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. మీ బంధువుగారికి కూడా ఈ మాట చెప్పండి.

రెండోది డబ్బు సంగతి. 2023 సెప్టెంబరులో కేంద్ర విద్యా, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. ముప్ఫై ఏళ్ళలో 1890 చట్టంతో వచ్చిన ఈ నల్లజాతి కాలేజీలకి న్యాయంగా రావాల్సిన దానికంటే 1,200 కోట్ల డాలర్లకి పైగా తక్కువ ఇచ్చారని లెక్క చెప్పారు. అందులో ఒక్క ఏ అండ్ టీ వాటాయే దాదాపు 200 కోట్ల డాలర్లు. అన్ని సౌకర్యాలూ పక్క యూనివర్సిటీల్లా లేవేమని పిల్లలు అడిగితే జవాబు అక్కడుంది. ఇంత తక్కువ చేతిలో పెట్టుకుని వాళ్ళు తయారుచేసిన ఇంజనీర్లని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. గ్రీన్స్‌బరో నుంచి కారులో గంటకి పైగా పడుతుంది. పండగలకి తమ్ముణ్ణి రమ్మనండి, మా ఇంట్లో భోంచేసి వెళ్ళొచ్చు.

వరంగల్_టు_డీసీ
అన్నా, హోమ్‌కమింగ్ గురించి ఎవ్వలు రాయలే!

ఆగీ_ఈసీఈ
అదే రాద్దామనుకుంటున్నా తమ్ముడూ. అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. భూమ్మీద ఇంత గొప్ప హోమ్‌కమింగ్ లేదని ఆగీలు బల్లగుద్ది చెప్తారు. సంక్రాంతికి ఊరొదిలి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చినట్టే, ఎన్నో ఏళ్ళ కిందట చదివిన ముసలివాళ్ళు కూడా నీలం, బంగారు రంగు బట్టలేసుకుని వస్తారు. పొద్దున్నే పరేడ్. మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్, స్టేడియం బయట పొయ్యిల మీద మాంసం కాలుతూ పొగ. హాఫ్‌టైమ్‌లో వేరే చోట జనం తినుబండారాలకి లేస్తారు, ఇక్కడ ఒక్కరూ కదలరు. అప్పుడే బ్లూ అండ్ గోల్డ్ మార్చింగ్ మెషీన్ బ్యాండ్ దిగుతుంది. ముందు డ్రమ్ములు గుండెల్లో మోగుతాయి, తర్వాత బాకాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ప్రతి అడుగూ బ్యాండుతో పాటే వేసింది. నా పేరడిగి, సరిగ్గా పలికేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, తన బ్యాచ్ వాళ్ళందరికీ "మా ఆగీ" అని పరిచయం చేసింది. మ్యాచ్ అయ్యాక కూడా బ్యాండ్ వాయిస్తుంటుంది, దాన్ని ఫిఫ్త్ క్వార్టర్ అంటారు. తమ్ముణ్ణి అప్పుడే బయటికి వచ్చేయొద్దని చెప్పండి.

గోదావరి_అక్క
అమ్మ ఇప్పుడు వేరే ప్రశ్న అడుగుతోంది. ఆ పండగ చూడ్డానికి మేమూ రావొచ్చా అని!

కేరీ_నాన్న
నిక్షేపంగా రండమ్మా. కానీ ఆ వారం గ్రీన్స్‌బరోలో హోటల్ గది దొరకడం చాలా కష్టం. తేదీ ప్రకటించగానే నాకు చెప్పండి, మా ఇంట్లో దిగి ఇక్కణ్ణుంచే కలిసి వెళ్దాం.