ఏడు నెలల మగ పిల్లని తండ్రి గుర్రం దగ్గర వదలొచ్చా?

నల్లపాడు నుంచి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నల్లపాడు వైపు. ఎనిమిదేళ్ళ మార్వారీ మగ గుర్రం ఒకటి, ఒక ఆడ గుర్రం ఉన్నాయి. వాటికి పుట్టిన మగ పిల్లకి ఇప్పుడు ఏడు నెలలు. తల్లి మళ్ళీ చూడితో ఉంది, అందుకని పది రోజుల క్రితం పాలు మాన్పించి తల్లిని పెదకాకానిలో మా బావమరిది తోటకి పంపేశాం. ఇక అప్పట్నుంచి పిల్ల ఒకటే సకిలింపు. రాత్రి రెండు గంటలకి కూడా ఆపదు. మేత సరిగా ముట్టట్లేదు, కంచె వెంట అటూ ఇటూ తిరిగి తిరిగి నేల మీద కాలిబాట పడిపోయింది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

తండ్రిది పక్క షెడ్డే. కమ్మీల సందులో పిల్ల ముక్కు పెడితే అది వాసన చూసి ఊరుకుంటోంది. పెళ్ళి ఊరేగింపులకి వెళ్ళే గుర్రం, మనుషులతో చాలా నెమ్మది. రెండింటినీ కలిపి వదిలేస్తే పిల్లకి తోడు దొరుకుతుందని నా ఆశ. మా దగ్గర గుర్రాలు చూసుకునే పెద్దాయన మాత్రం "మగదాని దగ్గర మగపిల్లని వదిలితే చంపేస్తుంది బాబూ" అంటున్నారు. ఎవరైనా ఇలా పెంచినవాళ్ళుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కంకిపాడు గుర్రాలు

వదలొచ్చండి. కానీ ఇవాళ తలుపు తీసేసి రేపు చూద్దాంలే అన్నట్టు కాదు. నేను రెండు పిల్లల్ని ఇలాగే తండ్రితో పెంచాను, ఒకటి రెండేళ్ళు వచ్చేదాకా, ఇంకోటి ఏడాదిన్నర దాకా.

మీ పెద్దాయన మాట కొట్టిపారేయొద్దు. పిల్లల్ని కరిచి విసిరేసి చంపిన మగ గుర్రాలు ఉన్నాయి. అయితే బయట స్వేచ్ఛగా తిరిగే మందల్లో చూస్తే ఒక మగ గుర్రం, కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసే బతుకుతాయి. మగ పిల్లలు రెండు మూడేళ్ళ వయసులో మంద వదిలి తోటి కుర్ర గుర్రాలతో చేరతాయి, అంటే అప్పటిదాకా పెరిగేది తండ్రి కళ్ళ ముందే. ఎక్కడ ఆడాలి, ఎక్కడ తగ్గాలి అనేది పెద్ద గుర్రం నేర్పినట్టు మనం నేర్పలేం. ఒంటరిగా మనుషుల మధ్య ముద్దుగా పెరిగిన మగ పిల్లే పెద్దయ్యాక మన భుజం కరుస్తుంది, మన మీదికి ముందు కాళ్ళెత్తుతుంది. నేను అలాంటిదాన్ని కొని రెండేళ్ళు అవస్థ పడ్డాను.

మీరు సగం పని ఇప్పటికే చేశారు, కమ్మీల అవతల వాసన అలవాటైంది. ఇంకో వారం అలాగే ఉంచండి. కలిపే రోజు పొద్దున్నే తండ్రిని ఒక గంట నడిపించి, కడుపు నిండా మేత పెట్టి, అప్పుడు విశాలమైన చోట వదలండి. షెడ్డులో మాత్రం వద్దు. గడ్డి నాలుగైదు చోట్ల దూరదూరంగా వేయండి. తండ్రి వెనక కాళ్ళ లాడాలు ముందే తీయించండి, రెండింటికీ తలకి హాల్టర్ ఉంచకండి, ఆటలో గిట్ట అందులో ఇరుక్కుంటే మెడ విరుగుతుంది.

తండ్రి దగ్గరికి రాగానే పిల్ల మెడ చాచి, పెదాలు వెనక్కి లాగి, నోరు తెరుస్తూ మూస్తూ పళ్ళు టకటకలాడిస్తుంది. చూసేవాళ్ళకి కరవబోతోందేమో అనిపిస్తుంది, కానీ నేను చిన్నదాన్ని, నన్నేం చేయకు అని చెప్పుకోవడం అది. తండ్రి పిల్ల పొట్ట కిందా తోక దగ్గరా వాసన చూస్తుంది, ఒకసారి కీచుమని అరిచి ముందు కాలు నేలకేసి కొడుతుంది. అక్కడిదాకా కంగారు పడొద్దు. చెవులు తలకి అతుక్కుపోయేలా వెనక్కి పెట్టి, మెడ నేలబారుగా దించి, పిల్ల పారిపోతున్నా వదలకుండా తరుముతుంటే మాత్రం వెంటనే విడదీయాలి. మధ్యలోకి మీరు వెళ్ళొద్దు, గేటు దగ్గర ఉలవల బకెట్ మోగిస్తే తండ్రి వచ్చేస్తుంది.

తెనాలి

నా అనుభవం వేరు. పై ఆయన చెప్పింది తప్పని కాదు, కానీ ఇది కూడా వినండి. మా దగ్గర తండ్రీ పిల్లా నాలుగు నెలలు చక్కగా కలిసున్నాయి, ఒకదాని మెడ ఒకటి గోకేవి కూడా. ఒకరోజు పక్క పొలంలోకి ఎవరో ఆడ గుర్రాన్ని తోలుకొచ్చి కట్టారు, అది ఎదలో ఉంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి పిల్ల షెడ్డు మూలలో ఇరుక్కుపోయి ఉంది, పక్కకి తప్పుకునే దారి లేదు. వెనక కాలు ముడుకు దగ్గర ఎముక కనిపించేంత గాయం. మూడు నెలలు కట్లు కట్టాం, బతికింది కానీ ఇప్పటికీ కుంటుతుంది. ఆ రోజు నేను ఊళ్ళో ఉండి కూడా ఇంటికి ఆలస్యంగా వచ్చాను, అది మర్చిపోలేను.

మీ గుర్రం ఊరేగింపులకి వెళ్తుందన్నారు కదా. అక్కడ వేరే ఆడ గుర్రాలు ఉంటాయి. ఆ వాసన ఒంటి మీద పెట్టుకుని, బ్యాండు మోతకి రేగి ఉన్న గుర్రాన్ని అర్ధరాత్రి తెచ్చి పిల్ల దగ్గర వదలకండి. ఆ రాత్రికి విడిగా ఉంచి, పొద్దున ఒళ్ళు కడిగి కలపండి. షెడ్డు మూలలకి అడ్డంగా చెక్కలు కొట్టి గుండ్రంగా చేయించండి.

నల్లపాడు నుంచి

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. తెనాలి అన్నా, చదువుతుంటే మనసు ఎలాగో అయిపోయింది. నాకు అరెకరం ఖాళీ ఉంది, కానీ మూడు వైపులా ముళ్ళ కంచె. ఫర్వాలేదా? పిల్లకి విత్తులు ఎప్పుడు తీయించాలి, ఎద్దులకి కొట్టించినట్టు కొట్టిస్తే సరిపోతుందా?

గన్నవరం పశువైద్యం

ముళ్ళ కంచె అసలు వద్దు. భయపడి పరిగెత్తే పిల్లకి ఆ తీగ కనపడదు, రొమ్ము చీరుకుపోతుంది. సర్వీ కర్రలో ఇనుప పైపులో ఐదడుగులకి తగ్గకుండా కట్టించండి.

ఎద్దులకి వాడే కాస్ట్రేటర్ గుర్రానికి పెట్టించకండి. గుర్రానికి మత్తిచ్చి ఆపరేషన్ చేయాల్సిందే. రెండు విత్తులూ కిందికి దిగాయో లేదో ముందు డాక్టరు చేత్తో చూడాలి, ధనుర్వాతం టీకా తప్పనిసరి. మన దగ్గర డిసెంబర్, జనవరి మంచి సమయం, ఎండా ఈగలూ తక్కువ. గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఒకసారి చూపించండి. బ్రీడింగ్‌కి ఉంచుకోవాలనే గట్టి ఆలోచన లేకపోతే ఏడాది వయసుకి అటూ ఇటూగా తీయించేయండి, తండ్రితో ఎక్కువ కాలం కలిసి ఉండే అవకాశం అప్పుడే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, తల్లిని వెనక్కి తెచ్చాక ఈ మగ పిల్లని దాని దగ్గర వదలకండి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య చాలా పిల్లలకి ఆడదాన్ని దాటి చూడి కట్టించే శక్తి వచ్చేస్తుంది, తల్లి అని చూడవు. ఆపరేషన్ అయ్యాక కూడా కనీసం నెల దూరం ఉంచాలి. తల్లి ఈనాక వారం పది రోజులకే మళ్ళీ ఎదకి వస్తుంది, ఆ రోజుల్లో తండ్రీ కొడుకుల్ని కూడా విడదీయండి.

మగ గుర్రాలు కలిసి ఉండలేవన్నది పూర్తిగా నిజం కాదు. స్విట్జర్లాండ్‌లో అవాంష్ అనే చోట జాతీయ గుర్రాల కేంద్రం ఉంది, అక్కడ పెద్ద మగ గుర్రాలనే ఆడవాటికి దూరంగా పచ్చికలో గుంపుగా వదిలి గమనించారు. గొడవ ఎక్కువగా మొదటి కొద్ది రోజులే, తర్వాత బెదిరింపులతోనే సరిపెట్టుకున్నాయి. దాణా మాత్రం విడివిడిగా కట్టి పెట్టండి. పెద్దది గబగబా తినేసి పిల్ల వాటా లాక్కుంటుంది, ఎదిగే వయసు పిల్లది.

నల్లపాడు నుంచి

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. కంచె మార్చాం, సర్వీ కర్రలు వేయించాం. మొదటి రోజు పిల్ల అచ్చం చెప్పినట్టే పళ్ళు టకటకలాడించింది, తండ్రి ఒకసారి మెడ మీద నొక్కి వదిలేసింది, చర్మం కూడా తెగలేదు. రెండు ఊరేగింపులు వచ్చాయి, రెండు రాత్రులూ విడిగానే కట్టాం. నిన్న మధ్యాహ్నం ఎండకి వేప చెట్టు కింద రెండూ ఒకదాని తల వైపు ఇంకోదాని తోక వచ్చేలా పక్కపక్కన నిలబడి ఒకదాని ముఖం మీద ఈగల్ని ఇంకోటి తోకతో తోలుకుంటున్నాయి. పెద్దాయన రోజూ సాయంత్రం గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు, బకెట్ పక్కనే పెట్టుకుని. రాత్రి సకిలింపు లేదు.