టండ్రాలో నాచు కర్బనాన్ని నిజంగా పట్టి ఉంచుతుందా?

ప్రశ్న:
టండ్రా ప్రాంతాల కర్బన చక్రం గురించి ఏది చదివినా నాచు ప్రస్తావన వస్తోంది. (నీటిపై తేలే శైవలాన్నీ మనం నాచే అంటాము, నేను అడుగుతున్నది స్ఫాగ్నమ్, హైలోకోమియమ్ వంటి మాస్ మొక్కల గురించి.) వేళ్లు కూడా లేని, ఏడాదికి మహా అయితే కొద్ది సెంటీమీటర్లు ఎదిగే ఈ మొక్క పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ ఏపాటిది? పైగా వాతావరణం వేడెక్కితే దాని చోట పొదలు పెరుగుతాయంటున్నారు. అప్పుడు టండ్రా మరింత కర్బనాన్ని తీసుకోవాలి కదా?

మొదటి జవాబు:
నాచు పీల్చుకునేది తక్కువేనన్న మీ అంచనాతో నాకు పెద్దగా పేచీ లేదు. అసలు నిల్వ నేలలో ఉంది. ఉత్తర ధ్రువ పరిసరాల్లో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలలున్న ప్రాంతంలో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. ఇది వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. దానిపై నాచు దుప్పటిలా పరచుకొని ఉంటుంది. జూలై ఎండలో పైపొర వెచ్చగా, పొడిగా చేతికి తగిలినా, అదే చేతిని లోపలికి దూర్చితే వేళ్లు కొంకర్లు పోయేంత చలి. పొడి నాచులో నిండిన గాలి వేసవి వేడిని కిందికి పోనివ్వదు. శరత్కాలపు వానకు తడిసి గడ్డకట్టిన తరువాత మాత్రం, మంచుగడ్డకు నీటికంటే సుమారు నాలుగు రెట్ల ఉష్ణవాహకత ఉన్నందున, నేలలోని వేడిని సులువుగా పైకి వదిలేస్తుంది. రెండు విధాలా నేల చల్లగానే మిగులుతుంది.

రెండవ జవాబు:
కుళ్లే వేగాన్నీ చూడాలి. స్ఫాగ్నమ్ ఆకును సూక్ష్మదర్శినిలో చూస్తే, సన్నని పచ్చని కణాల మధ్య రంధ్రాలతో కూడిన పెద్ద పెద్ద ఖాళీ కణాలు కనిపిస్తాయి. వాటి వల్లనే ఆ మొక్క తన పొడి బరువుకు 15 నుంచి 20 రెట్ల నీటిని పట్టుకోగలదు. నీరు నిలిచిన చోట ఆక్సిజన్ అందదు, స్ఫాగ్నమ్ పరిసరాలను ఆమ్లీకరిస్తుంది, దాని కణజాలంలో నత్రజని తక్కువ, ఫీనాల్ పదార్థాలు ఎక్కువ. ఇన్ని అడ్డంకుల మధ్య సూక్ష్మజీవుల పని నత్తనడకన సాగుతుంది. ఆక్సిజన్ లేని పొరల్లో మీథేన్ పుడుతుంది నిజమే, కానీ పైకి వచ్చే దారిలో కొంత భాగాన్ని ఆ ఖాళీ కణాల్లోనే కాపురముండే బాక్టీరియా కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి, దానిని నాచు మళ్లీ కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటుంది. నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచే ఏర్పాటు ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి పొదల సంగతి?

మూడవ జవాబు:
నేల వేడెక్కితే అందులోని పోషకాలు మొక్కలకు ఎక్కువగా అందుతాయి కనుక, ఎరువు వేసి చూసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అలాస్కాలోని టూలిక్ సరస్సు దగ్గర 1981 నుంచి కొన్ని మడులకు నత్రజని, భాస్వరం ఎరువులు వేస్తూ వచ్చారు. మరుగుజ్జు బర్చ్ పొదలు ఏపుగా పెరిగి, వాటి నీడలోనూ రాలిన ఆకుల కిందా నాచు క్షీణించింది. నేలపైన కర్బనం పెరిగినా, లోతు పొరల్లో అంతకు మించి తరిగిపోయి, 20 ఏళ్లలో చదరపు మీటరుకు దాదాపు 2 కిలోల నికర నష్టం తేలినట్టు 2004లో ప్రకటించారు. ఆ నష్టాన్నంతా నాచు ఖాతాలో వేయడం సరికాదు, ఎందుకంటే ఎరువు నేరుగా సూక్ష్మజీవులకూ మేతే. పొదల ప్రభావమూ ఒకవైపే ఉండదు: వేసవిలో వాటి నీడ నేలను చల్లబరుస్తుంది, చలికాలంలో అవి ఆపిన మంచు నేలను వెచ్చగా ఉంచుతుంది. పైగా హైలోకోమియమ్ స్ఫాగ్నమ్ కంటే త్వరగా కుళ్లుతుంది కనుక, ఏ నాచు పోయి పొద వచ్చిందన్నది తెలియకుండా మీ రెండో ప్రశ్నకు అవుననో కాదనో చెప్పలేము.